తూనీగ తల మీది గాట్లు

తూనీగ తినడం తలతో మొదలుపెడుతుంది. దొరికింది దోమ కావచ్చు, సీతాకోకచిలుక కావచ్చు, ఒక్కోసారి సాటి తూనీగే కావచ్చు, ముందు తల నమిలేస్తుంది. తల పోయాక కూడా ఆ చిక్కిన పురుగు కాళ్ళు కాసేపు కొట్టుకుంటూనే ఉంటాయి. నా స్టూడియో గోడకు అట్లాంటి ఫొటో ఒకటి పెద్దది చేసి పెట్టాను. వచ్చినవాళ్ళు దూరం నుంచి చూసి ఎంత ముద్దుగా ఉందో అంటారు. దగ్గరికొచ్చి నోట్లో ఏముందో చూడమంటాను. చూశాక కొందరికి ఫొటో దిగే సరదా పోతుంది. పోతే పోనీ, నాకేం.

కోడుమూరు బస్టాండుకు దగ్గర్లోనే ఉంటుంది ఆ స్టూడియో. నేను ఫొటోలు తీసేది తక్కువ, ఎడిటింగే ఎక్కువ. పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, మా చర్చి సంఘం క్రిస్మస్ క్యాలెండర్లు, చనిపోయినవాళ్ళ ఫ్లెక్సీలు. ఎండకు మాడిన మొహాలను తెల్లగా చేస్తాను, మచ్చలు తీస్తాను, బట్టతల మీద జుట్టు మొలిపిస్తాను. ఈ చుట్టుపక్కల నేను తుడవని మొహం లేదు. మా చెల్లెలి పెళ్ళి ఆల్బమ్ కూడా నేనే చేశాను. పెళ్ళికొడుక్కి పై వరసలో ముందరి పన్ను ఒకటి లేదు, ఎప్పుడో బైకు మీంచి పడి ఊడిపోయింది. నవ్వితే సందు కనబడుతుందని వాళ్ళమ్మ బతిమాలితే, పక్క పన్నునే కాపీ చేసి ఆ సందులో అతికించాను. ఆల్బమ్ చూసినవాళ్ళందరూ అల్లుడు సినిమా హీరో మాదిరి ఉన్నాడని మెచ్చుకున్నారు. నేనూ నా పనితనానికి మురిసిపోయాను.

తూనీగలు మాత్రం ఎవరి కోసమూ తీసేవి కావు. హంద్రీ నదిలో ఇసుక తవ్వుకుపోయిన గుంతల్లో వానలయ్యాక నీళ్ళు నిలబడతాయి, గట్టున జమ్ము లేస్తుంది. చలికాలం పొద్దున మంచుకు తడిసి తూనీగలు జమ్ము ఆకుల్ని పట్టుకుని బిగుసుకుపోయి ఉంటాయి. ఎండ తగిలి ఒళ్ళు వెచ్చబడేదాకా ఎగరలేవు. ఆ కాసేపే నాకు దొరికేది. బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, లెన్స్ దాదాపు దాని మొహానికి ఆనించి తీస్తాను. అంత దగ్గర్నుంచి తీస్తే ఒకసారికి వెంట్రుకవాసి మేరే స్పష్టంగా పడుతుంది, ముందూ వెనకా అంతా మసకే. అందుకని కెమెరాను చిన్న ఇనుప పట్టా మీద బిగించి, మర తిప్పుతూ రవ్వంత రవ్వంత ముందుకు జరుపుతూ వరసగా తీసుకుంటూ పోతాను. స్టూడియోకొచ్చి వాటన్నిటినీ కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒక్కోదాంట్లో స్పష్టంగా పడిన చోటు మాత్రం నిలుపుకుంటే, కళ్ళు మొదలు తోక దాకా తూనీగ మొత్తం చెక్కినట్టు వస్తుంది. మామూలు కంటికి ఏ తూనీగా అట్లా కనబడదు.

అట్లా పేర్చిన ఒక ఆడతూనీగ ఫొటోలో దాని తల మీద, కళ్ళ వెనకాల, లోతుగా గుంటలు కనిపించాయి. ఒక కంట్లో కొంత మేర నల్లగా చచ్చుబడి ఉంది. చేయి అలవాటు చొప్పున పోయి, పెళ్ళికూతురి మొటిమలు తీసినట్టు వాటిని తీసేసింది. తల నున్నగా, కొత్త స్టీలు గిన్నె మాదిరి తేలింది. తర్వాత ఒకరోజు గుంత దగ్గర ఆ గుంటలెట్లా పడతాయో కళ్ళారా చూశాను. మగతూనీగ తోక చివర పట్టుకారు లాంటివి ఉంటాయి. దాంతో ఆడదాని తలను వెనక నుంచి పట్టి బిగిస్తుంది, పట్టుకునే ఎగురుతుంది, విదిలించుకున్నకొద్దీ ఇంకా లోపలికి దించుతుంది. ఆ సాయంత్రం నేను పాత ఫైలు తెరిచి, తుడిచేసిన గాట్లన్నీ వెనక్కి తెచ్చి పెట్టాను. మనుషుల మొహాలైతే అడిగినట్టు తుడుస్తాను గానీ, తూనీగ ఒంటి మీద దుమ్మైనా సరే ఆ రోజు నుంచి ముట్టుకోలేదు.

పోయిన నవంబరులో ఒక పొద్దున హంద్రీ నుంచి తిరిగొచ్చేసరికి మా చెల్లెలు స్టూడియో మెట్ల మీద కూర్చునుంది. మొదటి బస్సుకే వచ్చేసినట్టుంది, కాళ్ళకు చెప్పుల్లేవు. చలికి కప్పుకున్నట్టు పైట చేతికి చుట్టుకుంది. ఏమైందే అంటే పైట ఇంకా గట్టిగా చుట్టుకుంది. షట్టరెత్తి లోపలికి తీసుకుపోయి పైట విప్పి చూశాను. మోచేతి కింద, లోపలి వైపు, మనిషి కొరికిన గాట్లు. నడినెత్తిన కొంత మేర వెంట్రుకలు కుదుళ్ళతో సహా లేవు, అక్కడ చర్మం ఎర్రగా చెమ్మగిల్లి ఉంది. నడుము మీద తన్నిన కాలి గుర్తు చీర కుచ్చిళ్ళ దాకా కమిలింది.

మొగుడు బోరు బండి మీద పనిచేస్తాడు, నెలలో సగం రోజులు ఊళ్ళు తిరుగుతుంటాడు. ముందు రోజు ఫోన్ చేస్తే ఈమె ఎత్తలేదట. స్త్రీల కూడికలో ప్రార్థన జరుగుతోందని ఫోన్ మూగబెట్టి కూర్చుంది. రాత్రికి ఇల్లు చేరి ఎవడితో ఉన్నావని మొదలుపెట్టాడు. జుట్టు చేతికి చుట్టుకుని గోడకేసి కొట్టాడు. అడ్డం పెట్టిన చేతిని కొరికాడు. అంతకుముందు కూడా కొట్టేవాడు గానీ, కొరకడం అదే మొదలని చెల్లెలు నేల చూస్తూ చెప్పింది. వింటున్నంతసేపూ నా పళ్ళు నేనే కొరుక్కుంటున్నాను. ఆ క్షణంలో అతను ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

డాక్టరు దగ్గరికి పోదామంటే కేసవుతుందని రానంది. పోలీసుల మాటెత్తితే ఏడ్చింది. సరేనని చేతిని నల్లగుడ్డ పరిచిన బల్ల మీద పెట్టమన్నాను. కెమెరా ఇంకా ఇనుప పట్టా మీదే ఉంది, పొద్దున తీసిన తూనీగల కార్డు దాంట్లోనే ఉంది. తూనీగను తీసినట్టే ఆ గాట్లను కొంచెం కొంచెంగా లెన్స్ జరుపుతూ తీశాను. చిన్న తెర మీద అది చెయ్యి మాదిరి లేదు. పన్ను దిగిన చోట తోలు లోపలికి మడుచుకుపోయింది. అంచున నెత్తురు నల్లగా గడ్డకట్టి మెరుస్తోంది. సన్నటి నూగు వెంట్రుకలు ఆ నెత్తుట్లో అతుక్కుని ఉన్నాయి. పట్టా గట్టిది కాబట్టి ఒక్క ఫొటో కూడా కదలలేదు. తర్వాత మందుల షాపుకు తీసుకుపోయి ఇంజక్షన్ వేయించి, నా దగ్గరే ఉండిపొమ్మన్నాను.

అప్పుడే చెల్లెలు నాకు ఊపిరాడని మాటొకటి అంది. పెద్దలు పొమ్మంటే మళ్ళీ పోతానంది. మా అమ్మానాన్నలు పోయి చాలా కాలమైంది. ఆమె పెళ్ళి చర్చిలో సంఘ పెద్దల ముందు జరిగింది, సాక్షులుగా సంతకాలు పెట్టింది వాళ్ళే. వాళ్ళ మాట కాదంటే రేపు సంఘంలో తలెత్తుకోలేనని, చస్తే సమాధుల తోటలో చోటు కూడా ఇవ్వరని ఆమె భయం. వాళ్ళు ఉండమంటే ఉంటుంది, పొమ్మంటే పోతుంది. ఈసారి పోతే ప్రాణంతో తిరిగి రాదని నాకు అనిపించింది. అదే మాట ఆమెతోనూ అన్నాను. అన్నీ ప్రభువు చిత్తం అంది. ఆ మాటకు చెల్లెల్నే లాగి ఒకటి కొట్టాలన్నంత కోపం వచ్చింది.

మా సంఘంలో ఒక కట్టుబాటుంది. ఒకరి మీద ఒకరు మనసులో పెట్టుకుని సంస్కారం తీసుకోకూడదు. అందుకని రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ఆదివారానికి ముందు శనివారం మధ్యాహ్నం పెద్దలు కూర్చుని తగాదాలు తెగ్గొడతారు. మధ్యలో ఎంత అత్యవసరమైనా కూర్చోరు. మాకు ఆ శనివారం ఇంకా చాలా రోజులుంది. పాస్టరు అయ్యగారింటికి పోయి అప్పటిదాకా ఎట్లా ఆగాలని అడిగాను. గాయం ఎక్కడికి పోతుందమ్మా, అప్పుడు చూద్దాంలే అన్నారు.

ఈ లోపల ఒక మధ్యాహ్నం మా మరిది, అదే చెల్లెలి మొగుడు, స్టూడియోకొచ్చాడు. నేను ఒక్కదాన్నే ఉన్నాను. "వదినా, ఫొటోలు తీసినావంట గదా, అవి తీసేయ్" అన్నాడు. బయటికి నడవమన్నాను. అతను నవ్వాడు, పన్ను లేని ఆ సందు కనబడింది. కౌంటరు మీదున్న కెమెరాను లెన్స్‌తో సహా ఎత్తి నేలకేసి కొట్టి, దాని మీద కాలు పెట్టి తొక్కాడు. అద్దం పగిలిన చప్పుడు నా ఒంట్లో ఎముక విరిగినట్టే వినబడింది. మూలనున్న ట్రైపాడ్ ఎప్పుడు అందుకున్నానో నాకు గుర్తులేదు. మూడు కాళ్ళూ కలిపి పట్టుకుని నెత్తిన కొట్టాను. నుదుటి మీంచి కంటిలోకి నెత్తురు దిగింది. రెండోసారి ఎత్తేసరికి బయటికి పరిగెత్తాడు. మణికట్టు బెణికి వారం దాకా మౌస్ పట్టుకోలేకపోయాను. ప్రాణానికి మాత్రం హాయిగా ఉండింది, అబద్ధమెందుకు చెప్పాలి.

ఫొటోలు అప్పటికే కంప్యూటర్లో ఉన్నాయి కాబట్టి వాటికేమీ కాలేదు. మణికట్టు కుదుటపడ్డాక కూర్చుని, తూనీగల ఫొటోలు పేర్చినట్టే గాట్లవీ పేర్చాను. దేన్నీ తుడవలేదు, దేన్నీ కలపలేదు. అన్నిటికన్నా లోతుగా దిగిన పక్కను ఎంచుకుని, పెద్ద సైజులో ప్రింట్లు తీసి లామినేషన్ చేయించాను. ప్రతి పంటి గాటు గోడలతో, అడుగుతో సహా తేటగా కనబడింది. నా జీవితంలో అంత మంచి ఫొటో తీయలేదు. ఎవడు చూసినా నోరు మూసుకోవాల్సిందే అనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం చర్చిలో బల్లలు ఎదురెదురుగా వేశారు. అయ్యగారు నడుమ కూర్చున్నారు, పెద్దలు రెండు పక్కలా. మా మరిది తలకు కట్టుతో వచ్చాడు. గాయానికి కావాల్సినదాని కన్నా ఆ కట్టు చాలా పెద్దది. లోపలికి వచ్చీరాగానే పెద్దలందరూ ఆ కట్టునే చూశారు. నొప్పి తగ్గిందా అప్పా, కుట్లు పడినాయా అని అడిగారు. చెల్లెల్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె చేతి మీద గాట్లు అప్పటికి మాని, దోమలు కుట్టి గీరుకున్నట్టు లేత మచ్చలు మిగిలాయి. నడుము మీద కమిలిన గుర్తు పోయింది. నెత్తిన కొత్త వెంట్రుకలు మొలుస్తున్నాయి. ఆమె చేయి చాపి చూపిస్తే, వాటిని చూడాలని ఒకాయన కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ తీసేశాడు.

మా మరిది కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆలుమగల మధ్య ఏదో మాటా మాటా అనుకున్నామని, వదిన వచ్చి కాపురం చెడగొడుతోందని, తన మీద చేయి కూడా చేసుకుందని చెప్పాడు. పెళ్ళి చేసుకోనిదానివి, నీకు సంసారం సంగతి ఏం తెలుసమ్మా అని నన్నడిగారు. నెత్తి పగలగొట్టడం క్రైస్తవురాలు చేసే పనేనా అన్నారు. చేతనైతే మళ్ళీ చేస్తానని నోటి దాకా వచ్చింది, మింగాను. లామినేషన్ ఫొటోలు తీసి అయ్యగారి ముందు పెట్టాను.

అవి చేతులు మారాయి. ఒకాయన దూరంగా పట్టుకుని, శానా బాగొచ్చింది అన్నాడు. నిజంగా మెచ్చుకోలుగానే అన్నాడు. అందరికన్నా పెద్దాయన దాన్ని చాలాసేపు చూశాడు. ఆయన చెంప మీద పుట్టుమచ్చ ఒకటుంది, దాని మీద వెంట్రుకలు లేస్తాయి. పోయిన క్రిస్మస్ క్యాలెండరులో దాన్ని నేనే తీసేశాను.

"కంటికి ఇట్ల కనపడదు గదమ్మా గాయం" అన్నాడు. "నా మచ్చ తీసినదానివి, నీకు మచ్చ పెట్టేదేం పెద్ద పని?"

ఎవరూ నవ్వలేదు, అదే ఇంకా నరకంగా ఉండింది. ఫొటోలు బోర్లా తిప్పి బల్ల మీద పెట్టారు. నేను ఎడిటింగ్ చేయలేదని ప్రమాణం చేస్తానన్నాను. చర్చిలో ప్రమాణాలు వద్దమ్మా అన్నారు అయ్యగారు. అతని కట్టు నిజం, నా ఫొటో అబద్ధం. అంతకన్నా ఆలోచించడానికి వాళ్ళకేమీ కనబడలేదు. నీ మొగుడు ఇంక తప్పు చేయడు, రేపు ఇద్దరూ కలిసి సంస్కారం తీసుకుని ఇంటికి పోండి అని ఒకాయన మొదలుపెట్టాడు. చెల్లెలు సరేనన్నట్టు తలూపడం చూశాను.

లేచి పోయి, పాటల మాటలు చూపించే పెద్ద టీవీ వైరు నా లాప్‌టాప్‌కు పెట్టాను. ఆ వైరు ఎక్కడ బిగించాలో ఆ చర్చిలో నాకన్నా తెలిసినవాళ్ళు లేరు, ఆదివారాలు పాటలు వేసేది నేనే. ఇవి పేర్చినవి కావు, కెమెరాలో పడింది పడినట్టే ఉన్నవి, వరసగా చూడండి అన్నాను. కార్డులోంచి ఎక్కించుకున్న వరసలోనే పెట్టాను కాబట్టి ముందు ఆ పొద్దుటి తూనీగలే వచ్చాయి. మంచు బొట్లు, జమ్ము ఆకు, సగం నమిలిన ఈగ. తెర మీద అన్నీ మసకే, నడుమ దారమంత మేర మాత్రం స్పష్టంగా ఉంది. ఆ వెంటనే, మధ్యలో ఏమీ లేకుండా, చెయ్యి వచ్చింది. అదీ మసకే, అందంగా లేదు. చర్మం అంచు మాత్రం కనబడుతోంది. తర్వాతి దాంట్లో ఆ స్పష్టమైన గీత రవ్వంత లోపలికి జరిగి మొదటి గాటు గోడ పట్టుకుంది. ఆ తర్వాత దాని అడుగు, చీము పట్టబోతున్న తడి. ఆ తర్వాత నెత్తుట్లో అతుక్కున్న వెంట్రుక. నేను ఆగకుండా నొక్కుకుంటూ పోయాను. గాయం గోడంత పెద్దగా నిలబడి, ఒక్కో పంటి గాటుకూ మెల్లగా లోపలికి దిగుతూ ఉంది.

అయ్యగారు తల దించుకున్నారు. ఒకాయన కిటికీ వైపు తిరిగాడు. పెద్దాయన చేయెత్తి "సాలమ్మా, ఆపు" అన్నాడు.

నేను ఆపాను. అప్పటిదాకా నోరు తెరవని చెల్లెలు లేచి నిలబడింది.

"నేను సాలు సాలు అని మొత్తుకుంటే ఆయప్ప ఆపినాడా?" అంది. "చూడండి."

లాప్‌టాప్ తన వైపు లాక్కుని తర్వాతి ఫొటో తనే నొక్కింది. గాట్లు ఒకదాని పక్కన ఒకటి, వంపు తిరిగిన వరసగా వస్తున్నాయి. నేను ప్రింటు వేసింది వాటిలో లోతైన ఒక పక్కనే. మిగతా వరసను నేనూ సరిగా చూడలేదు, నాకప్పుడు కనబడిందల్లా నెత్తురే. ఇప్పుడు ఆమె నొక్కుతుంటే వరస నడుమకొచ్చింది. ఒక గాటు, దాని పక్కన ఏ దెబ్బా తగలని నున్నటి చర్మం, ఆ తర్వాత మళ్ళీ గాటు. చెల్లెలు అక్కడ నిలిపింది. పెళ్ళి ఆల్బమ్‌లో నేను పెట్టిన పన్ను ఆ చేతి మీద లేదు.

పెద్దాయన తెరను చూశాడు, తర్వాత మా మరిదిని చూశాడు. అప్పటిదాకా ఏడుస్తూ మాట్లాడుతూనే ఉన్న మనిషి పెదాలు బిగించి కూర్చున్నాడు. కట్టు కింద చెమట కారుతోంది.

"ఏమప్పా" అన్నాడు పెద్దాయన. "నోరు తెరు."

అతను తెరవలేదు. పెద్దాయన మళ్ళీ అడగలేదు, కానీ చూపు కూడా తిప్పుకోలేదు. అయ్యగారు బోర్లించిన ఫొటోల్ని ఒక్కొక్కటిగా వెల్లకిలా తిప్పి, వరసగా బల్ల మీద పెట్టారు.

చెల్లెలు టీవీ వైరు పీకి చుట్ట చుట్టింది. పైట సర్దుకుని, ఇంటికి పోదాం పా అక్కా అంది. ఏ ఇంటికని అక్కడ ఎవరూ అడగలేదు.